పదకొండు వందల నలభై కవర్లు

మూడోసారి లెక్కపెట్టినా కవర్లు పెరగలేదు. ఎంత బతిమాలినా అరలో ఉన్న కవర్లు పిల్లల్ని పెట్టవు కదా.

"పదకొండు వందల అరవై," అంది పెద్దకోడలు, చివరి కట్టను అరలోకి తోసి.

"కంప్యూటర్‌లో రెండు వేల మూడు వందలు," అంది చిన్నకోడలు. పొద్దుటి నుంచి ఆ మాట అనడం అది నాలుగోసారి.

ప్యాకింగ్ గదిలో నలుగురున్నారు. పెద్దకోడలి భర్త ఒక కట్టకు కట్టిన పురికొస విప్పుతూ మళ్లీ ముడేస్తూ కూర్చున్నాడు. మరిది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ప్యాకింగ్ చేసే ఆడవాళ్లను ఈ పూటకు ఇంటికి పంపేశారు. పక్క గదిలో, తీసి ఉన్న తలుపు అవతల, మామగారు కాఫీ గింజలు వేయించే డ్రమ్ము గరగర తిరుగుతూనే ఉంది.

శుక్రవారానికి హోటళ్ల వాళ్లకు రెండు వేల అరకిలో ప్యాకెట్లు వెళ్లాలి. గింజలున్నాయి, అట్టపెట్టెలున్నాయి. గింజలు పోయడానికి కవర్లు లేవు. పెళ్లికి అంతా సిద్ధం, పెళ్లికూతురే లేదన్నట్టుంది వ్యవహారం. అచ్చువాళ్లు మామూలుగా మూడు వారాలు తీసుకుంటారు. కంప్యూటర్ చాలినన్ని ఉన్నాయంటే ఉన్నాయనుకుని ఎవరూ కొత్తవి తెప్పించలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ చిన్నకోడలు తెచ్చింది, నాలుగు నెలల కిందట. ఒక వాయి గింజలు ప్యాక్ చేసి అందులో ఎక్కిస్తే, ఎన్ని ప్యాకెట్లో అన్ని కవర్లు, అన్ని తేదీ లేబుళ్లు, ఇరవైకో అట్టపెట్టె అదే స్టాకులోంచి తీసేసుకుంటుంది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఈ గది లెక్క పెద్దకోడలి చేతిలోనే ఉండేది. అక్షరాలా చేతిలోనే. జానెడెత్తు కట్ట ఉంటే వంద కవర్లు. ఆ జాన ఏనాడూ తప్పలేదు. కొత్తొక వింత పాతొక రోత అనుకుని ఊరుకుంది గానీ, కంప్యూటర్ మీద ప్రేమతో ఆమె ఒప్పుకోలేదు.

"ఇంకో సంగతుంది," అంది చిన్నకోడలు. "లేబుల్ మిషను ఎన్ని ప్రింటు చేసిందో ఇందులో ఉంటుంది. నేను ఇందాకే చూశాను. ప్యాక్ చేసినవాటికంటే పదకొండు వందల నలభై ఎక్కువ చేసింది."

"అంటే?" అన్నాడు మరిది.

"కవర్లు ఎన్ని పోయాయో, లేబుళ్లూ అన్నే పోయాయి." చిన్నకోడలు ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "అన్నీ అక్క పేరు మీదే ప్రింటయ్యాయి."

పెద్దకోడలికి ముందు నవ్వొచ్చింది. ఎవరూ నవ్వకపోయేసరికి ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భర్త వైపు చూసింది. ఆయన ముడి గట్టిగా పడిందో లేదో చూసుకుంటున్నాడు.

కవరు మీద మన పేరు, లేబుల్ మీద మన తేదీ ఉంటే లోపల ఎవరి గింజలు పోసినా మన కాఫీ అయిపోతుంది అని మరిది గోడతో చెప్పినట్టు చెప్పాడు. ఊళ్లో ఇప్పుడు ఎన్ని కాఫీ కొట్లు లేస్తున్నాయో అన్నాడు. రెండు వీధుల అవతల మొన్న వేసవిలో కూడా ఒకటి లేచిందన్నాడు.

ఆ కొట్టు పెద్దకోడలి తమ్ముడిది.

"నా మొహం చూసి చెప్పు, మరిదీ."

"నేనేం చెప్పాను వదినా? కొట్టు లేచిందన్నాను."

"నా తమ్ముడి పేరు నీ నాలిక చివర ఉంది. మింగకు, ఉమ్మెయ్."

అతను ఉమ్మలేదు, మింగనూ లేదు. అప్పుడే పైనుంచి మాడువాసన గుప్పుమని దిగింది. మేడమెట్ల మీద చెవులు కిందికి వేసి నిలబడ్డ అత్తగారు, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరిచిపోయింది. నలుగురూ ఒకేసారి "పాలు" అన్నారు. చిన్నకోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మెట్లెక్కింది. పక్క గదిలో డ్రమ్ము మాత్రం అలాగే తిరుగుతోంది.

* * *

పాలు అవే ఉన్నాయి కాబట్టి కాఫీ వాటితోనే అయింది. పై గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు. అందరూ ఒక్కో గుక్క తాగి గ్లాసులు కింద పెట్టేశారు. మరిది మొహం అష్టవంకర్లు తిప్పాడు. పారబోయండర్రా, మళ్లీ కాస్తాను అంటూ అత్తగారు గ్లాసులు ఏరుకుంటోంది. మామగారి గ్లాసు దగ్గరికొచ్చేసరికి అది ఖాళీగా ఉంది. అత్తగారు ఆ గ్లాసును ఒక క్షణం ఎక్కువ సేపు పట్టుకుని, లోపలికి వెళ్లిపోయింది.

కడుపు మండుతున్న మనిషికి కాఫీ రుచి ఏం తెలుస్తుందిలే అనుకుంది పెద్దకోడలు.

మార్కెట్లో మామగారిని ముక్కాయన అంటారు. అది వెక్కిరింత కాదు, బిరుదు. గింజలు ఒక్క అరనిమిషం ఎక్కువ వేగితే వీధి చివర నుంచే పసిగట్టేవాడు. హోటళ్ల వాళ్లు నలభై ఏళ్లుగా ఈ ఇంటి కాఫీని రంగు చూసి కొనలేదు, ధర చూసి కొనలేదు. ఆ ముక్కును చూసి కొన్నారు.

చిన్నకోడలు ఉన్న సంగతి చెప్పింది. అచ్చువాళ్లను బతిమాలితే శుక్రవారం పొద్దున్నకు వెయ్యి కవర్లు ఇస్తామన్నారు. ఆర్డరు మాత్రం ఈ సాయంత్రం నాలుగున్నరలోపు పంపాలి. అయితే తేడా తేలనిదే సాఫ్ట్‌వేర్ కొత్త ఆర్డరు రాయనివ్వదు. పాత లెక్క తేలకుండా కొత్త సరుకు గడప దాటకూడదన్నది మామగారు ఎప్పుడో పెట్టిన కట్టడి. దాన్నే ఆమె కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఇప్పుడు తేడాకి కారణం రాయాలి, ఎవరి వల్లో పేరు రాయాలి. ఆ రెండు గళ్లూ నింపితేగాని తర్వాతి పేజీ తెరుచుకోదు.

"కారణం తెలియదని రాస్తే?" అని పెద్దకోడలి భర్త మొదటిసారి నోరు తెరిచాడు.

అలాంటిది పెట్టవద్దని మామయ్యగారే చెప్పారని చిన్నకోడలు అంది.

మామగారు బల్ల మీది చెక్క గీతలు చూస్తూ, తేలేదాకా ప్యాకింగ్ గది తాళంచెవి చిన్నకోడలి దగ్గర ఉండనీ అన్నాడు. ఆ మాట చెబుతున్నప్పుడు పెద్దకోడలి వైపు చూడలేదు.

ఆ తాళంచెవి పద్దెనిమిదేళ్లుగా ఆమె నడుమునే ఉంది. పురిటికి వెళ్లినప్పుడు కూడా అత్తగారు తీసుకోనన్నారు. మేకుకు తగిలించి వెళ్లు, వచ్చి మళ్లీ నువ్వే పెట్టుకో అన్నారు. అలాంటిది ఇప్పుడు దాన్ని అడుగుతుంటే, ఒంటి మీది చీర కొంగు పట్టుకుని లాగినంత అవమానంగా ఉంది ఆమెకు.

"మామయ్యా, మీరు కూడా నేనే తీశాననుకుంటున్నారా?"

"నేనెవర్నీ ఏమీ అనడం లేదు, అమ్మాయీ. నాలుగింటికి లెక్క ముగించాలి. అందాకా నీకు టైముంది."

ఆయన లేచి కిందికి వెళ్లిపోయాడు. అందాకా తాళంచెవి ఇవ్వనని ఆమె గట్టిగానే చెప్పింది. ఎవరూ లాక్కోవడానికి రాలేదు. భర్త వెనకాలే వచ్చి మెట్ల దగ్గర నిలబడి, నువ్వు తీయలేదని నాకు తెలుసు అన్నాడు. ఆ మాట బల్ల దగ్గర అనాల్సింది అంది ఆమె. ఆయన నోట్లో నాలుక లేని మనిషన్న సంగతి పెళ్లయిన వారానికే తెలుసు. అయినా ఇవాళ మాత్రం ఆశపడింది.

* * *

మధ్యాహ్నం చిన్నకోడలు ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నువ్వే చూసుకో అక్కా. నేనేమీ దాచలేదు."

"దాచావని నేననలేదే. నీ మిషనుకు నా పేరు తెలుసు, నేను తెలియదు. అంతే."

"నేను తెచ్చినదాని వల్లే ఇంట్లో గొడవైందని రేపు అందరూ నన్నే అంటారు. నీకు పద్దెనిమిదేళ్లు వెనక ఉన్నాయి. నాకు రెండేళ్లే." ఆ పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి. ల్యాప్‌టాప్ అక్కడే వదిలి వెళ్లిపోయింది.

పెద్దకోడలు తెర ముందు కూర్చుంది. నాలుగు నెలలుగా తిట్టుకుంటూనే వాడినా, వాడకం వాడకమే కాబట్టి ఏ గడిలో ఏముంటుందో తెలుసు. తేదీ, ఎన్ని, ఎవరు. నలభై, తన పేరు. ఇరవై, తన పేరు. మళ్లీ నలభై, తన పేరు. చదువుతుంటే తనకే తన మీద అనుమానం వచ్చేట్టుంది.

ముందు లెక్క తన పద్ధతిలో వేసుకుంది. కవరు పోయింది, లేబుల్ పోయింది. అట్టపెట్టె పోలేదు. అన్నిటికంటే ముఖ్యం, కాఫీ పోలేదు. గింజల లెక్క సరిగ్గానే ఉంది. దొంగ అయితే కవర్లు పట్టుకుపోవచ్చు. కానీ అప్పటికే ప్యాక్ చేసిన వాయి తేదీలనే మళ్లీ కొట్టిన లేబుళ్లు ఏ దొంగకు పనికొస్తాయి? అదే తేదీ, అదే వాయి నంబరు, రెండోసారి. అంటే ఎవరో ప్యాకెట్ విప్పారు. అవే గింజలు కొత్త కవర్లో పోసి, కొత్త లేబుల్ అతికించి, అదే పెట్టెలో పెట్టేశారు.

ఎందుకు? అది తెలియలేదు. తెరను పక్కకు జరిపి చివరి గడి చూసింది. అది టైము గడి.

ఒంటిగంటా పన్నెండు. ఒంటిగంటా ఇరవై. ఒంటిగంటా ముప్పై అయిదు. నాలుగు నెలల్లో రెండోసారి కొట్టినవాటిలో ఒక్కటీ ఒంటిగంటకు ముందు లేదు, రెండు దాటాక లేదు.

ఒంటిగంటకు ఆమె పైన భోజనం దగ్గర ఉంటుంది. అత్తగారు ఎదురుగా ఉంటారు. ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని వెనక వరండాలోకి వెళతారు. కంప్యూటర్ కట్టేసి వెళితే మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి, అది రెండుసార్లు తప్పితేగాని ఆమె చేతికి కుదరదు. అందుకని తన పేరుతోనే తెరిచి వదిలేసి వెళుతుంది. గదికి కాపలా ఎవరంటే, ఆ మనిషి పన్నెండింటికే తినేసి వస్తాడు. మీరు నెమ్మదిగా తిని రండమ్మా, నేను చూసుకుంటాగా అంటాడు. మధ్యాహ్నం నిద్ర మానుకుని మరీ కూర్చుంటున్నాడే అని ఆమె ఎన్నిసార్లు మురిసిపోయిందో.

తల మీది బండ దిగినట్టయింది. అది దిగి గుండె మీద పడింది.

పొద్దుటి మాడుపాలు గుర్తొచ్చాయి. ఖాళీ గ్లాసు గుర్తొచ్చింది. నాలుగు నెలల కిందట ఆయన్ని పది రోజులు మంచం మీద పడేసిన ఆ జలుబు గుర్తొచ్చింది.

* * *

మామగారు డ్రమ్ము పక్కన తన కుర్చీలో ఉన్నాడు. కుర్చీ మీద ఒక గోనెసంచి మెత్త. ఈ మధ్య అది రోజురోజుకీ ఎత్తు పెరుగుతోంది. తాతగారి సింహాసనం అని పిల్లలు నవ్వుతారు. ఆయన కదిలినప్పుడల్లా లోపల గరగరమంటుంది. ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"మామయ్యా, ఒకసారి లేవండి."

ఆయన లేవలేదు. ఆమె చేతులు చూశాడు, మొహం చూశాడు. గుప్పెట్లో ఉన్న నాలుగు గింజల్ని కిటికీ వెలుగుకు తిప్పి చూసి పళ్లెంలో వేశాడు.

"కూర్చోనీ అమ్మాయీ. లేస్తే నువ్వు చూడాల్సొస్తుంది."

"వాసన ఎప్పటి నుంచి తెలియడం లేదు?"

జలుబుతోపాటే పోయిందన్నాడు. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకుంటూ రోజులు దొర్లించాడట. రంగు చూసి, గింజ చిటపట విని, గడియారం చూసి దించుతున్నాడు. దించేటప్పుడు ధైర్యంగానే ఉంటుంది. ప్యాకై పెట్టెలోకి వెళ్లాక అనుమానం మొదలవుతుంది. మాడిందేమో, పచ్చిగా ఉందేమో. మర్నాడు మధ్యాహ్నం దాకా పీకుతూనే ఉంటుంది. అప్పుడు విప్పి, రంగు చూసి, రెండు గింజలు కొరికి చూసి, మళ్లీ కట్టేస్తాడు. చించిన కవర్లు చెత్తలో వేస్తే ఎవరి కంటైనా పడతాయి. అందుకని వాటి మీదే కూర్చున్నాడు.

"అన్ని విప్పారు కదా. ఎన్ని పాడయ్యాయి?"

"ఒక్కటీ లేదు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం ఆమెకు కొత్త.

"పొద్దున తాళంచెవి అడిగినప్పుడు మీకు తెలుసు."

ఆయన పళ్లెంలోని గింజల్ని వేలితో కదిపాడు.

"నా తమ్ముణ్ని దొంగను చేసినప్పుడు తలుపు తీసే ఉంది. ఇక్కడే ఉన్నారు మీరు. అంతా విన్నారు."

"ముక్కు పోయిన ముక్కాయన దగ్గర ఎవరు కొంటారమ్మా? శుక్రవారం సరుకు వెళ్లనీ. నీ మీద మాట పడకుండా నేను చూస్తాను. ఎలుకలు కొట్టేశాయని చెబుతాను."

"ఎలుకలు లేబుళ్లు ప్రింటు చేస్తాయా మామయ్యా?"

ఆయన పెదాలు నవ్వబోయి ఆగిపోయాయి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, పిల్లాడిలా, ఇంట్లో చెప్పకమ్మా అన్నాడు. నలభై ఏళ్లలో ఆయన ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆమెకు మరీ కష్టంగా ఉంది. చెప్పకపోతే తను దొంగ. చెబితే ఆయన ఎవరూ కాదు.

తలుపు తీస్తూ వెనక్కి తిరిగింది.

"నాలుగింటికి లెక్క ముగించాలి. అందాకా మీకు టైముంది."

* * *

నాలుగు దాటి పది నిమిషాలైంది. మళ్లీ అదే బల్ల, అవే మొహాలు. తాళంచెవి బల్ల మధ్యలో ఉంది. పెద్దకోడలే తీసి పెట్టింది. నడుము దగ్గర ఏదో పోయినట్టు చెయ్యి మాటిమాటికీ అక్కడికే వెళుతోంది.

చిన్నకోడలు కారణం గడి తెరిచింది. వాడకం, పాడైనవి, పోయినవి. మూడే ఉన్నాయి. అక్కా, నువ్వేమైనా చెప్పాలా అని అడిగింది. నిజంగా వినాలనే అడిగింది. అది పెద్దకోడలికి అర్థమైంది.

"నేను తీయలేదు. అంతవరకే చెబుతాను."

"మరి ఎవరు తీశారు?" అన్నాడు మరిది.

మామగారు గొంతు సవరించుకున్నాడు. అందరూ అటు తిరిగారు. ఆయన మళ్లీ ఒకసారి సవరించుకుని, ఇంకెంత టైముందమ్మా అని చిన్నకోడల్ని అడిగాడు. ఇరవై నిమిషాలంది ఆమె.

అప్పుడు పెద్దకోడలి భర్త చేతిలోని పురికొస కింద పడేశాడు. "దాని పేరు రాయడానికి వీల్లేదు," అన్నాడు. "కావాలంటే నా పేరు రాయండి." పెద్దకోడలు భర్తను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఎవరూ ఇంకా తేరుకోకముందే అత్తగారు కాఫీ పళ్లెంతో వచ్చింది. ఒక్కొక్కరి ముందూ ఒక్కో గ్లాసు పెట్టింది. తాజా పాలు, చక్కటి చిక్కటి కాఫీ. చివర మామగారి ముందు పెట్టిన గ్లాసులోంచి ఆవిరి లేచింది. ఆ ఆవిరితోపాటు పొద్దుటి మాడువాసన బల్లంతా కమ్ముకుంది. చిన్నకోడలి చెయ్యి ముక్కు దాకా వెళ్లి ఆగింది. మరిది భృకుటి ముడిపడింది. పారబోయండర్రా అన్న పాలను అత్తగారు పారబోయలేదు.

"అత్తయ్యా, ఆ గ్లాసు ఇటివ్వండి," అంటూ పెద్దకోడలు సగం లేచింది.

"నువ్వు కూర్చో." అత్తగారు ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. ఆ చెయ్యి చల్లగా ఉంది. తర్వాత నలభై ఏళ్ల అలవాటు ప్రకారం భర్తను అడిగింది. "ఎలా ఉందండీ?"

మామగారు గ్లాసు ఎత్తాడు. ఒక గుక్క తీసుకుని, ఎప్పటిలాగే నోట్లో అటూ ఇటూ తిప్పాడు. చెప్పబోయి బల్ల చుట్టూ చూశాడు. ఎవరూ తమ గ్లాసులు ముట్టుకోలేదు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఈ గ్లాసులో ఏదో ఉందని ఆయనకు తెలిసింది. ఏముందో తెలియలేదు.

ఒక్కో మొహం దాటుకుంటూ వచ్చి ఆయన చూపు పెద్దకోడలి దగ్గర ఆగింది. ఇన్నేళ్లూ కాఫీ ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి ఇంటిల్లిపాదీ ఆయన మొహం వైపు చూసేవాళ్లు. ఇప్పుడు నోట్లో గుక్క మింగకుండా ఆయన ఆమె మొహంలోకి చూస్తున్నాడు, బాగుందనాలో బాగాలేదనాలో చెప్పమని.